పాలతోనే నిండే కడుపు: ఏడాది దాటిన పిల్లలు అన్నం ఎందుకు వద్దంటారు?

క్లుప్తంగా: ఏడాది నిండాక ఆకలి తగ్గడం చాలామంది పిల్లల్లో సహజం. దాన్ని జబ్బనుకుని పాలు, బిస్కెట్లతో ఆ లోటు పూడ్చబోయినప్పుడు, బలవంతంగా నోట్లో కుక్కినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. పాలు రోజుకు 400 నుంచి 500 మి.లీ. దాటకూడదు. తిండికీ తిండికీ మధ్య రెండున్నర నుంచి మూడు గంటల ఎడం ఉండాలి. నమలడం నేర్పే తిండి పెట్టాలి, ఐరన్ లోపం ఉందేమో చూపించాలి. బరువు తగ్గుతున్నా, తిన్న ప్రతిసారీ పొలమారుతున్నా మాత్రం ఇంటి చిట్కాలతో కాలం గడపకూడదు.

మొదటి పుట్టినరోజు తర్వాత

మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. అంటే పన్నెండు నెలల్లో ఆరు కిలోలు. మరుసటి ఏడు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. తొలి మూడు నెలల్లో రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరిగిన ఒళ్లు, రెండో ఏట రోజుకు ఏడెనిమిది గ్రాములకు దిగుతుంది. ఎదుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గక తప్పదు. ఎనిమిదో నెలలో గిన్నెడు పప్పన్నం తిన్న పిల్లే పద్దెనిమిదో నెలలో నాలుగు ముద్దలకు లేచి పరుగెత్తడానికి మొదటి కారణం ఇదే.

ఈ వయసులో ఆకలి రోజుకో తీరుగా ఉంటుంది. ఇవాళ పొద్దున రెండు ఇడ్లీలు తిన్న బిడ్డ రేపంతా అరటిపండుతో సరిపెట్టవచ్చు. అందుకే ఒక్క పూట కంచం చూసి తీర్పు చెప్పడం సరికాదు, వారం మొత్తం చూడాలి. దిష్టి తీసిన నాలుగు రోజులకు పిల్లలు మళ్లీ తినడం మొదలుపెట్టడమూ ఈ ఎగుడుదిగుళ్లలో భాగమే.

దీనికి తోడు రెండేళ్ల ప్రాంతంలో కొత్త తిండి అంటే జంకు మొదలై ఐదారేళ్ల దాకా ఉంటుంది. అంతవరకూ తిన్న బీన్స్ కూర కూడా ఉన్నట్టుండి "వద్దు" అయిపోతుంది. కొత్త కూర ఒకటి అలవాటు కావడానికి పది పదిహేను సార్లు కంచంలో కనబడాల్సి రావచ్చు. ఇళ్లలో సాధారణంగా రెండు మూడు సార్లు పెట్టి, "మావాడికి ఇది పడదు" అని తేల్చేస్తారు.

బిడ్డ సరిగ్గా ఎదుగుతోందా లేదా అన్నది కంచం చెప్పదు, కార్డు చెబుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేరువేరు గ్రాఫులుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండేళ్లకు మగబిడ్డ మధ్యస్థ బరువు 12.2 కిలోలు, ఆడబిడ్డది 11.5 కిలోలు. 9.7, 9 కిలోల కంటే తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. ఒక్కసారి తూచిన అంకె కన్నా గీత ఎటు పోతోందన్నది ముఖ్యం. పదిన్నర కిలోల దగ్గర ఉన్నా నెలనెలా తన గీత వెంటే పైకి పోతున్న పిల్ల గురించి దిగులు అక్కర్లేదు. పన్నెండు కిలోలుండి మూడు నెలలుగా కదలని పిల్లాణ్ణి చూపించాలి.

"ఏమీ తినడు" అన్న రోజు లెక్క

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పాడి లేని వీధి ఉండదు. ఇంట్లో గేదె ఉన్నా లేకపోయినా డెయిరీ పాలో, పక్కింటి పాలో దొరుకుతాయి. అన్నం తినని బిడ్డకు "పాలైనా తాగనీ" అని సీసా కలపడం ప్రేమతో చేసే పనే. లెక్క వేస్తే ఏం జరుగుతోందో తెలుస్తుంది.

రెండేళ్ల బిడ్డ ఒకడు పొద్దున లేవగానే, మధ్యాహ్నం నిద్రకు ముందు, రాత్రి పడుకునేటప్పుడు 250 మి.లీ. చొప్పున మూడు సీసాల గేదెపాలు తాగుతాడనుకుందాం. గేదెపాలలో 100 మి.లీ.కు సుమారు 100 కిలోక్యాలరీల శక్తి ఉంటుంది. మూడు సీసాలకు 750. సీసాకు రెండు చెంచాల చక్కెర వేస్తే మరో 120. మధ్యలో నాలుగు మేరీ బిస్కెట్లు, ఇంకో 100. మొత్తం 970. ఈ వయసు బిడ్డకు రోజంతటికీ కావలసింది వెయ్యి కిలోక్యాలరీల చుట్టుపక్కలే. కంచంలో ఒక్క మెతుకు ముట్టకుండానే రోజు కోటా నిండిపోయింది. ఆ బిడ్డను చూసి "ఏమీ తినడు, కానీ హుషారుగానే ఉంటాడు" అంటారు. రెండు మాటలూ నిజమే. తినకపోవడానికి కారణం సీసాలో ఉంది.

శక్తి సరిపోయిందని పోషణ సరిపోయినట్టు కాదు. ఏడాది నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు రోజుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. ముప్పావు లీటరు పాలలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలలోని కాల్షియం, కేసిన్ అనే ప్రోటీన్ పక్క తిండిలోని ఐరన్‌ను ఒంటబట్టనీయవు. పాలు ఎక్కువై పీచు తక్కువైతే మలబద్ధకం వస్తుంది. పేగులో మలం నిలిచి ఉంటే ఆకలి ఇంకా చస్తుంది. మూడు రోజులకోసారి, మేకపెంటికల్లా గట్టిగా విరేచనమయ్యే బిడ్డకు ముందు ఆ మలబద్ధకం తీరిస్తే అన్నం దానంతటదే లోపలికి పోవడం వైద్యులు తరచూ చూస్తుంటారు.

నెత్తురు తక్కువైతే ఆకలీ తక్కువే

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి "తినడం లేదు" అన్న ఏ బిడ్డ విషయంలోనైనా హిమోగ్లోబిన్ పరీక్ష మొదటి మెట్టు కావాలి.

ఇక్కడ ఒక వలయం ఉంది. ఐరన్ తగ్గితే ఆకలి తగ్గుతుంది, చిరాకు పెరుగుతుంది. ఆకలి తగ్గిన బిడ్డకు పాలు పెంచుతారు. పాలు పెరిగితే ఐరన్ ఇంకా తగ్గుతుంది. గోడ సున్నం గీకి తినడం, మన్ను, సుద్ద నోట్లో పెట్టుకోవడం ఈ లోపానికి తరచూ కనిపించే గుర్తు. కొట్టి మాన్పించాల్సిన దురలవాటుగా కాకుండా రక్తపరీక్ష చేయించమని చెప్పే సూచనగా దాన్ని చూడాలి.

ప్రభుత్వ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మి.లీ. ఐరన్ సిరప్ ఇస్తారు. అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఈ సీసా చాలా ఇళ్లలో బీరువా మీదే ఉండిపోతుంది. విరేచనం నల్లగా వస్తోందని ఆపేస్తారు, అది హాని కాదు. పాలతో కలిపి ఇవ్వడం మాత్రం పొరపాటు, పాలకూ దానికీ గంటన్నర రెండు గంటల ఎడం ఉంచాలి. ఇది లోపం రాకుండా ఇచ్చే మోతాదు. లోపం వచ్చాక చికిత్స మోతాదు వేరు, దాన్ని బిడ్డ బరువును బట్టి డాక్టరు నిర్ణయించాలి. నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు 200 మిల్లీగ్రాములు, రెండేళ్లు దాటితే 400.

తిండిలో ఐరన్ బాగా ఒంటబట్టేది మాంసం, కోడి కాలేయం నుంచి. శాకాహార ఇళ్లలో పప్పు, ఆకుకూర, రాగిలోని ఐరన్‌కు నిమ్మరసమో, జామపండో, ఉసిరికాయో తోడు కావాలి. అన్నం కలిపాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే చాలు. టీలో బిస్కెట్ ముంచి పెట్టడం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది, టీలోని టానిన్లు ఐరన్‌ను కట్టేస్తాయి.

సంగటి మింగే తిండి, నమిలే తిండి వేరే ఉండాలి

ఆరేడు నెలల బిడ్డ దవడను పైకీ కిందికీ మాత్రమే ఆడిస్తుంది. తిండిని నాలుకతో పక్కకు తోసి దంతాల కింద పెట్టి తిప్పి నమలడం ఏడాది దాటాక కుదురుకుంటుంది. మొదటి దవడపళ్లు పదమూడు నుంచి పంతొమ్మిది నెలల మధ్య వస్తాయి. అయితే పళ్లొచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. తొమ్మిది పది నెలలకల్లా పలుకులున్న తిండి మొదలుపెట్టని పిల్లల్లో తర్వాత తిండి పేచీలు ఎక్కువని పరిశీలనల్లో తేలింది.

మిక్సీ ఇక్కడ పెద్ద అడ్డంకి అయింది. ఏడాదిన్నర దాకా అంతా పేస్టు చేసి పెట్టిన బిడ్డకు ఒక్క మెతుకు తగిలినా ఓకరింత వస్తుంది. ఓకరింత చూసి భయపడి మళ్లీ మిక్సీకే పోతారు. మన రాయలసీమ తిండికి ఇంకో సంగతి ఉంది. రాగిసంగటి సంప్రదాయంగా ముద్ద చేసి గుటుక్కున మింగే తిండి. పెరుగన్నం, జావ కూడా అంతే. పోషణకు మంచివే గానీ, మూడు పూటలా ఇవే అయితే దవడకు పని నేర్పేవి ఏవీ లేనట్టే.

పేస్టు నుంచి పలుకుల్లోకి రావడం అంచెలంచెలుగా జరగాలి. మొదట మిక్సీ మాని చేత్తో మెదపాలి. వారం తర్వాత అందులో సగం మెతుకులు మెదపకుండా వదలాలి. పక్కన చేతికి పట్టుకునే ముక్క ఒకటి పెట్టాలి: బాగా ఉడికిన ఉర్లగడ్డ, క్యారెట్, ఇడ్లీ ముక్క, మెత్తటి దోసె, ఉడికిన గుడ్డు. బొటనవేలు, చూపుడువేలి మధ్య నొక్కితే నలిగిపోవాలి, అదే కొలత. ముక్కను నాలుక మధ్యలో పెడితే బిడ్డ మింగేయాలని చూస్తుంది. చెంప పక్కగా, దవడపళ్ల మీద పెడితే నమలడానికి ప్రయత్నిస్తుంది. పితికిపప్పు (తొక్క తీసిన అనపగింజలు) కాలంలో దాన్ని మెత్తగా ఉడికించి, ఒక్కో పలుకూ నలిపి పెడితే చక్కటి అభ్యాసం. కారం వేయకముందే బిడ్డ వంతు పక్కకు తీసిపెట్టాలి.

ఓకరింతకూ గొంతుకు అడ్డం పడటానికీ తేడా తెలియాలి. ఓకరించే బిడ్డ శబ్దం చేస్తుంది, దగ్గుతుంది, ముఖం ఎర్రబడుతుంది, ముక్కను తనే బయటికి నెట్టేస్తుంది. ఊపిరి అడ్డుపడ్డ బిడ్డ గొంతు పెగలదు, దగ్గు రాదు, పెదాలు నీలమవుతాయి. అప్పుడు నోట్లో వేలు పెట్టి వెతక్కూడదు, ముక్క ఇంకా లోపలికి పోతుంది. ఏడాది దాటిన బిడ్డనైతే ముందుకు వంచి రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరవాలి. రాకపోతే వెనక నుంచి బొడ్డుపైన, పొట్ట మీద పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ముక్క బయటపడే దాకా రెండూ మార్చి మార్చి చేస్తుంటే, పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. చెనిక్కాయలు (వేరుశనగలు) ఇంటింటా ఉండే ప్రాంతం ఇది. నాలుగేళ్లు దాటేవరకు పలుకులుగా పెట్టనేకూడదు, పొడి చేసి మాత్రమే పెట్టాలి. సీతాఫలం, సపోటా గింజలు, చింతగింజలు, గుండ్రటి ద్రాక్ష కూడా అంతే ప్రమాదం. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేసి ఇవ్వాలి.

పలుచటి జావలో ఉన్నదెంత?

బిడ్డ కడుపులో ఒక్కసారికి పట్టేది కిలో బరువుకు 30 మి.లీ. లెక్కన పది కిలోలకు 300 మి.లీ. మాత్రమే. ఆ కొద్ది జాగాలో నీళ్లు నింపుతున్నామా, తిండి నింపుతున్నామా అన్నది లెక్క. ఒక టేబుల్ చెంచా, అంటే పది గ్రాముల రాగిపిండితో గ్లాసు జావ కాస్తే వచ్చేది 32 కిలోక్యాలరీలు. అదే గ్లాసుకు మూడు చెంచాల పిండి, ఒక చిన్న చెంచా నెయ్యి, రెండు చిన్న చెంచాల వేయించిన చెనిక్కాయల పొడి కలిపితే సుమారు 200. చెనిక్కాయ మొదటిసారైతే చిటికెడుతో మొదలుపెట్టి దద్దుర్లు, వాంతి వస్తాయేమో చూడాలి.

చిక్కటి జావ గొంతు దిగదన్నది నిజమే. దానికి మొలకల పిండి ఉపాయం ఉంది. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి ఒకటి రెండు రోజులు మొలకెత్తించి, ఎండబెట్టి, మొలకలు రాల్చి, సన్నటి సెగ మీద కొద్దిగా మాత్రమే వేయించి పట్టించాలి. ఎక్కువ వేయిస్తే అందులోని అమైలేజ్ అనే ఎంజైము చచ్చిపోతుంది. మామూలు పిండితో చిక్కగా కాచిన జావను దించి, రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి, ఒక చిన్న చెంచా మొలకల పిండి కలిపితే నిమిషాల్లో తాగేంత పలుచనవుతుంది. పిండి తగ్గలేదు, నీళ్లు పెరగలేదు, ఎంజైము గంజిని విరగ్గొట్టింది, అంతే. పలుచనయ్యాక ఒక్క పొంగు రానిచ్చి దించాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి కూడా ఇంటిల్లిపాదీ పంచుకునే సరుకు కాదు, బిడ్డ వంతు.

బలవంతం, సెల్‌ఫోన్

కాళ్ల మధ్య పడుకోబెట్టి, చేతులు పట్టుకుని, నోరు తెరిపించి పోయడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. ఏడుస్తున్న బిడ్డ గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు తిండి శ్వాసనాళంలోకి పోవచ్చు. అది మొదటి ప్రమాదం. రెండోది నెమ్మదిగా వచ్చేది: చెంచా అంటేనే భయం ముద్రపడుతుంది. గిన్నె కనబడగానే పరుగెత్తే, ముద్దను బుగ్గలో గంటసేపు దాచుకునే పిల్లల్లో చాలామంది వెనక ఈ కథే ఉంటుంది.

సెల్‌ఫోన్ చూపి పెట్టడం దీనికి మెత్తటి రూపం. బిడ్డ తింటుంది, కానీ ఏం తింటోందో చూడదు, కడుపు నిండిందన్న కబురు వినదు. కంచం చూడని బిడ్డకు కూర పరిచయం కాదు, కాబట్టి జంకు పోదు. చందమామను చూపి గోరుముద్దలు పెట్టిన రోజుల్లో కూడా దృష్టి మళ్లించేవారు కదా అనవచ్చు. అప్పుడు పెట్టే మనిషి బిడ్డ ముఖం చూసేది, మాట్లాడేది, తల తిప్పితే ఆగేది. ఆ జవాబిచ్చే గుణమే తిండి పెట్టడంలో ప్రాణం లాంటిది. "ఈ కూర తింటే చాక్లెట్ ఇస్తా" అన్న బేరం కూడా వికటిస్తుంది, కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని నేర్పుతుంది.

రోజును తిరిగి కట్టుకోవడం

ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలన్నది బిడ్డ నిర్ణయించాలి. ఇదే పునాది. మూడు భోజనాలు, రెండు చిరుతిళ్లు, మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ లేకుండా చూడాలి. తిరుపతి ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఆకలి ఇంకా తగ్గుతుంది. షర్బత్తులు, జ్యూసులు కాకుండా నీళ్లివ్వాలి, గట్టి తిండిని పొద్దున్నే, పొద్దువాలాక పెట్టాలి.

పాల తగ్గింపు రాత్రి సీసాతో మొదలుపెడితే మేలు, పళ్లు పుచ్చిపోయేది కూడా దానివల్లే. ప్రతి రెండు మూడు రోజులకు 50 మి.లీ. చొప్పున తగ్గిస్తూ, సీసా మాన్పించి గ్లాసులోకి మార్చాలి. పాలు భోజనం తర్వాత ఇవ్వాలి, ముందు కాదు. ఇది పైపాల మాట. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వవచ్చు, పగటిపూట మాత్రం భోజనం వేళకు ముందు కాకుండా సర్దుకోవాలి. మొదటి నాలుగైదు రోజులు బిడ్డ మారాం చేస్తుంది, అన్నమూ పెద్దగా తినదు. సరిగ్గా ఇక్కడే ఇంట్లో పెద్దవాళ్ల మనసు కరిగి సీసా మళ్లీ బయటికి వస్తుంది. అమ్మా నాన్నా పనికి పోతే పగలంతా చూసుకునేది జేజీ తాతలే గనుక, వాళ్లు ఒప్పుకోని పద్ధతి ఏదీ నిలవదు. పైన చెప్పిన క్యాలరీల లెక్క వాళ్ల ముందు కూర్చుని వేసి చూపడం ఉత్తమం.

కంచంలో మొదట తక్కువే వడ్డించాలి, వయసులో ఒక్కో ఏడాదికి ప్రతి రకం ఒక టేబుల్ చెంచా లెక్కన. అడిగితే ఇంకా పెట్టవచ్చు. నచ్చిన తిండి ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన ఉండాలి. పాదాలు వేలాడకుండా పీట ఆనించి కూర్చోబెట్టాలి. ఇంట్లో కనీసం ఒకరు అదే తిండి పక్కన కూర్చుని తినాలి. ఇరవై, ముప్ఫై నిమిషాలకు తినకపోయినా కంచం తీసేయాలి, ఏమీ అనకుండా. జ్వరం వచ్చిన రోజుల్లో ఈ నియమాలు సడలించి కొద్దికొద్దిగా పెడుతూ, తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి.

ఆకలి మందులు, డబ్బా పొడులు

ఆకలికని మందుల షాపులో అడిగితే తరచూ చేతికొచ్చేది సైప్రోహెప్టడిన్ సిరప్. అది అలెర్జీ మందు. మత్తు తెస్తుంది, వాడినన్నాళ్లు ఆకలి పెంచవచ్చు, ఆపగానే మామూలే. రెండేళ్ల లోపు పిల్లలకు అసలే తగదు, ఆపైన కూడా డాక్టరు చీటీ లేకుండా వాడకూడదు. డబ్బా పొడుల్లో చాలావాటిలో చక్కెర వంతు ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్స్" విభాగంలో చూపవద్దని ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. పాలలో పొడి కలిపితే బిడ్డ మరిన్ని పాలు తాగుతుంది, అన్నానికి జాగా ఇంకా తగ్గుతుంది.

ఎప్పుడు ఆసుపత్రికి?

కొద్దిమంది పిల్లల్లో కారణం ఒంట్లోనే ఉంటుంది. పాలు తాగుతూ నుదుట చెమటలు పట్టి, ఆయాసపడి ఆపేసే బిడ్డకు గుండెలో లోపం ఉండవచ్చు. తిరుపతిలో 2021 అక్టోబరులో మొదలైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఇలాంటి పిల్లల కోసమే. తిన్న ప్రతిసారీ పొలమారడం, తిన్నాక గొంతులో గరగర, మళ్లీ మళ్లీ నిమ్ము చేయడం ఉంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందని అనుమానించాలి. ఆగని వాంతులు, ఎడతెగని విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండి బిడ్డ బరువు పెరగకపోవడం కూడా వెంటనే చూపించాల్సినవి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర పోషణ లోపం. అంగన్‌వాడీ టేపులో అది ఎరుపు రంగు.

తినే రకాలు నెలనెలా తగ్గిపోతూ, తెల్లటివో కరకరలాడేవో మాత్రమే తింటూ, పిలిస్తే పలకకపోవడం, మాట రాకపోవడం కూడా ఉంటే అది మొండితనం కాదు, ఆటిజం పరీక్ష అవసరం. ఏడాదిన్నర దాటినా మెత్తటి ముక్క నమల్లేని బిడ్డకు తిండి నేర్పే థెరపిస్టు సాయం కావాలి. పుట్టుక లోపాలు, ఎదుగుదల ఆలస్యాలను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనే గుర్తించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటు ఉంది.

తిరుపతి రుయా ఆసుపత్రికైనా, దగ్గర్లోని పిల్లల డాక్టరు దగ్గరికైనా వెళ్లేముందు మూడు రోజుల తిండి కాగితం మీద రాసుకోవాలి: ఎన్ని గంటలకు, ఏం, ఎంత, పాలు ఎన్ని మి.లీ., బిస్కెట్లు ఎన్ని. బిడ్డ తినే తీరును ఐదు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. ఎదుగుదల కార్డు, విరేచనం ఎన్ని రోజులకోసారి అవుతోందన్న లెక్క, వాడుతున్న సిరప్పుల సీసాలు వెంట తీసుకుపోవాలి. "ఏమీ తినడు డాక్టర్" అన్న ఒక్క మాటతో తేలనిది ఆ కాగితం చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే తేలుతుంది.